మేడం మడి

సెప్టెంబర్ 9, మంగళవారం

కుల్చారం వెళ్లొచ్చాను. చీర కుచ్చిళ్ల దాకా బురద. పొలం రైతు కిష్టయ్యకు నాలుగోసారి చెప్పాను — ఈ వరి మడికి వావిలాకు కషాయం, పక్క మడికి ఏమీ కొట్టొద్దు. ఏమీ అంటే ఏమీ. నీళ్లు పెట్టు, చాలు.

"ఏం కొట్టకుంటె అగ్గితెగులు వడ్తది గద మేడం?"

పడాలి. పక్క మడికి పడితేనే కదా కషాయం పనిచేసిందో లేదో తెలిసేది. నా వైపు చూశాడు, పసిపిల్లకు పాలు పట్టొద్దని చెప్పినదాన్ని చూసినట్టు. శివ్వంపేట రైతుకూ కౌడిపల్లి రైతుకూ ఒక్కసారికే ఎక్కింది. ఈయనకు ఎక్కదు.

బోర్డు పాతించాను. రోడ్డు పక్కకు వచ్చింది ఏమీ కొట్టని మడే. అక్కడే పాతించాను, బస్సుల్లో పోయేవాళ్లకు కనబడాలి. కాలేజీ పేరు, వృక్షశాస్త్ర విభాగం, కింద నా పేరు — ముందు డాక్టర్‌తో సహా. వెంట వచ్చిన స్వప్న సణిగింది, "పేరెందుకు మేడం, మడి నంబర్ రాస్తే చాలు గదా." కందకు లేని దురద కత్తిపీటకెందుకో. గెస్ట్ లెక్చరర్ల పేర్లు బోర్డుల మీద రాయరు, అదీ ఆమె బాధ.

సెప్టెంబర్ 16

స్వప్న లెక్కపెడుతోంది. మడికి యాభై దుబ్బులు, దుబ్బుకు ఐదాకులు, ఒక్కో ఆకు మీది మచ్చలకు సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కు. వారానికి మూడు ఊళ్లు, స్కూటీ మీద. నేను డిపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్ కింద. పనిని బాగానే పంచుకున్నాం.

సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. పొద్దున్నే స్వప్న ఫోన్ చేసింది. "ఒక్కరోజు మేడం... మా అమ్మ ఒక్కతే పేరుస్తది." అగ్గితెగులుకు పండుగ ఉంటదా అన్నాను. "సరె మేడం," అంది.

సాయంత్రం చెరువు కట్ట మీద మేం ఆడుతుంటే వచ్చింది. మోకాళ్ల దాకా బురద, చేతిలో నోటుబుక్కు. అందరూ పట్టుచీరలు. నేను చప్పట్లు ఆపలేదు. గడ్డంతో చూపించాను — ఆ సంచి దగ్గర పెట్టు అని. పెట్టి పోయింది. మనసుకు హాయిగా అనిపించింది. ఎందుకో నాకే తెలియదు... తెలుసు. నాకు ఆ వయసులో ఎవరూ సెలవివ్వలేదు.

అక్టోబర్ 7

స్వప్న ఏదో అంటోంది — కిష్టయ్య పొలంలో, ఏమీ కొట్టని మడిలో, మందు వాసన వస్తుందట. ముక్కుతో సైన్స్ చేసే ఘనురాలు. పక్క పొలం వాళ్లు కొట్టి ఉంటారు, గాలికి వచ్చి ఉంటుంది అన్నాను.

"కిష్టయ్యను గట్టిగ అడుగుదామా మేడం?"

"నీ పని లెక్కపెట్టుడు. వాసన చూసుడు కాదు."

నోరు మూసుకుంది. ఆమెలో మంచి లక్షణం అదొక్కటే.

నవంబర్ 21

కోతలు అయిపోయాయి మూడు ఊళ్లలోనూ. బోర్డు పీకించలేదు. ఉండనీ.

జనవరి 5, సోమవారం

హైదరాబాద్ నుంచి మా గైడు సారు ఫోన్. రిటైరై ఆరేళ్లయినా గొంతు మాత్రం కుర్చీ దిగలేదు. "మార్చిల నీ ప్రమోషన్ ఇంటర్వ్యూ అమ్మా. ఫస్ట్ ఆథర్‌గ ఒక్క పేపరన్న జర్నల్‌కు పంపినట్టు కాగితం లేకపోతే ఈసారి గూడ గంతే." ఈసారి గూడ అన్నప్పుడు కొంచెం నవ్వాడు. నాకు వినబడాలనే నవ్వాడు.

నా తర్వాత చేరినవాళ్లు ఇద్దరు పైకి పోయారు. ఒకామెకు కిరణజన్య సంయోగక్రియ కూడా సరిగా చెప్పరాదు.

జనవరి 8

స్వప్న పేపర్ మొదటి డ్రాఫ్ట్ పంపింది. నేను రాయమన్నది పద్ధతుల భాగం ఒక్కటే. మొత్తం రాసింది. కూర్చుని తప్పులు వెతికాను. రెండు కామాలు దొరికాయి.

బాగా రాసింది. ఇక్కడ రాసుకుంటున్నాను, ఇంకెక్కడా అనను. కౌడిపల్లి సర్కారు బడిలో చదివిన పిల్లకు ఆ ఇంగ్లీషు ఎక్కణ్ణుంచి వచ్చిందో. కడుపు మండింది. మధ్యాహ్నం డబ్బా కూడా విప్పలేదు.

మొదటి పేజీలో పేర్లు. స్వప్న, నేను, సారు. ఆ వరుసలో. అడగనైనా లేదు. మూడు నెలలు బురద తొక్కితే ఫస్ట్ ఆథర్లు అయిపోతారన్నమాట. ఆ లెక్కన ఎడ్లన్నీ ఎప్పుడో అయ్యేవి.

జనవరి 12

టేబుల్ రెండు. శివ్వంపేట — కషాయం మడికీ పక్క మడికీ మంచి తేడా. కౌడిపల్లి — ఇంకా మంచి తేడా. కుల్చారం — తేడా లేదు.

మళ్లీ చూశాను. సెప్టెంబర్ చివరి వారం దాకా ఏమీ కొట్టని మడిలో రోగం పైకి పైకి పోయింది. అక్టోబర్‌లో ఒక్కసారిగా దిగింది. కొత్తాకులకు మచ్చే లేదు. అగ్గితెగులు తనంతట తాను అట్లా దిగే రోగం కాదు. అంటే లెక్కపెట్టినవాళ్లే దించారు.

మూడు పొలాలు ఉంటేనే ఆ జర్నల్. ఒక పొలం మొత్తం పేపర్‌ను ముంచింది.

జనవరి 19

ల్యాబ్‌లో అడిగాను. రెండో సంవత్సరం పిల్లలు మైక్రోస్కోపుల ముందు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను.

"పొలంలకు దిగినవా, బస్‌స్టాప్‌ల కూసొని అంకెలు ఏసినవా?"

"నేను సూసిందే రాసిన మేడం."

"రెండు కండ్లతోని సూసినవా, ఒక కన్నుతోనా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. స్వప్న మొహం ఎర్రబడింది. "మేడం, ఆ రోజు నేను మీకు చెప్పిన గదా..." అని మొదలుపెట్టింది. చెప్పనివ్వలేదు. చెయ్యి పైకెత్తాను, అంతే, ఆగిపోయింది. రికార్డు పుస్తకాలు సర్ది, స్లైడ్లు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టి, అప్పుడు బయటికి పోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే వదిలేసేదాన్నేమో.

జనవరి 21

సారుకు చెప్పాను. ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు. "లెక్క తప్పయినప్పుడు లెక్కవెట్టినోళ్ల పేరు ఎందుకు మోస్తవమ్మా? తీసెయ్యి."

తీసేశాను. మొదట నేను, తర్వాత సారు. పేజీ తేలికైంది.

చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం పెట్టాను — పొలం పనిలో సాయపడిన స్వప్నకు ధన్యవాదాలు. టైపు చేస్తుంటే చేతులు ఆగాయి ఒక్క క్షణం. ఇదే వాక్యం నేను చదివాను, నాకు ఇరవై ఏడేళ్లప్పుడు, యూనివర్సిటీ లైబ్రరీలో నిలబడి. నా థీసిస్ మూడో చాప్టర్ మొత్తం పేపరై సారు పేరు మీద, నా పేరు చివర, థాంక్స్‌లో. అడిగితే "పెట్టిన గదమ్మా నీ పేరు, కనవడ్తలేదా" అన్నాడు. ఆ రోజు బస్సు ఎక్కకుండా స్టేషన్ దాకా నడిచాను. చెప్పు తెగింది. అయినా నడిచాను.

వాక్యం మాత్రం బాగుంది. ఉంచాను.

జనవరి 23

కుల్చారం, ఏమీ కొట్టని మడి. రెండ్లను ఆరు చేశాను. ఒకట్లను ఐదు. అన్నీ ఒకేలా పెంచితే పట్టేస్తారు, అందుకని అక్కడక్కడ మూడు వదిలాను. కూరలో ఉప్పు చూసుకున్నట్టు చూసుకుంటూ వేశాను.

ఇది దొంగతనం కాదు. తప్పు లెక్కను దిద్దడం. ఆమె చూడనిదాన్ని నేను చూసినట్టు రాస్తున్నాను, అంతే.

జనవరి 24

గ్రాఫ్ చాలా అందంగా వచ్చింది.

ఫిబ్రవరి 3

స్వప్న జిరాక్స్ షాపులో చూసిందట మొదటి పేజీ. పిల్లల నోట్స్ తీయించడానికి పోతే నా ప్రింటు అక్కడ కౌంటర్ మీద ఉంది. నా నిర్లక్ష్యం. స్టాఫ్ రూమ్‌కు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"నా పేరు లేదు మేడం."

"థాంక్స్‌ల పెట్టిన గదా. కనవడ్తలేదా?"

సారు మాట. సారు గొంతు కూడా వచ్చినట్టుంది, నేనే ఉలిక్కిపడ్డాను.

"థాంక్స్ ఏం జేసుకోవాలె మేడం? పీహెచ్‌డీ సీటుకు పేపర్ అడుగుతుండ్రు. నాకు గిదొక్కటే ఉన్నది."

నీ తప్పుడు లెక్కకు నా ప్రమోషన్ పోయేది, అది చాలదా అన్నాను. వెళ్లిపోయింది. టైంటేబుల్‌లో ఆమె క్లాసులు రెండు తీసి వేరే వాళ్లకు రాశాను. కోపంతో కాదు. ఎదురుగా కనబడితే పని జరగదు.

ఫిబ్రవరి 6

రిఫరెన్సులు. నలభై రెండు. ఒక్కో జర్నల్‌కు ఒక్కో పిచ్చి — పేరు ముందా, ఇంటిపేరు ముందా, చుక్క ఎక్కడ. ఇవన్నీ స్వప్న నిమిషాల్లో చేసేది. రెండు రోజులుగా చేస్తున్నాను, ఇంకా పంతొమ్మిది ఉన్నాయి.

ఫిబ్రవరి 10, మంగళవారం

కిష్టయ్య కాలేజీకి వచ్చాడు. తెల్ల అంగీ, భుజం మీద తువ్వాల, సంచిలో కందులు. స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెడితే కుర్చీ అంచున కూర్చున్నాడు. మొహంలో ఏదో సంబరం, దాచుకున్న మిఠాయి పొట్లంలా.

"బోర్డు గట్లనే ఉంచిన మేడం. ఊరంత మేడం మడి అనే అంటుండ్రు ఇప్పుడు."

సరేనన్నాను. ఊరుకోలేదు.

"మొదాలు మస్తు పరేషాన్ అయిన. బతుకమ్మ పండుగప్పుడు మీ మడి ఎర్రగ కాలిపోయింది. బస్సులకెల్లి సూసుకుంట నవ్వుడువెట్టిండ్రు, డాక్టరమ్మ మడికే రోగమొచ్చెనని. కషాయం కొట్టిన మడేమో పచ్చగ నా పేరు మీదున్నది, మీ పేరున్నదేమో గట్ల. మీ ఇజ్జత్ పోతదని పొద్దుగాల లేసి మంచి మందు దెచ్చి కొట్టిన. రెండుసార్లు కొట్టిన మేడం. నాలుగొద్దులల్ల మర్లుకున్నది, పచ్చగైంది."

"ఏం కొట్టొద్దని చెప్పిన గదా కిష్టయ్యా."

"మీరు అట్లనే అంటరు మేడం. పేరు వెట్టుకున్న మడి కండ్ల ముంగట సస్తుంటే ఎట్ల సూడాలె?"

"స్వప్నకు చెప్పినవా?"

"చిన్న మేడం వాసనొస్తుందని అడిగింది. లేదన్న. ఆమెకు చెప్తే మీకు నామోషీ గద."

దొంగకు తేలు కుట్టినట్టు నవ్వాను. చాయ్ తెప్పించాను. సాసర్‌లో పోసుకుని తాగాడు, ఇంకో కప్పు అడిగాడు. పోతూ పోతూ మీ పరీక్ష మంచిగైందా మేడం అని అడిగాడు. అయింది అన్నాను.

ఫిబ్రవరి 11

ఈ డైరీ వెనక్కి తిప్పాను. అక్టోబర్ 7. ముక్కుతో సైన్స్ చేసే ఘనురాలు — నా చేతిరాతే. ఇంకా వెనక్కి పోతే సెప్టెంబర్ 9. బోర్డు, డాక్టర్‌తో సహా.

ఆమె లెక్క సరైనదే. ప్రతి అంకె. మందు కొట్టాక రోగం ఎలా దిగుతుందో అలాగే దిగినట్టు రాసింది. ఆ పొలాన్ని పాడుచేసింది నా పేరు.

ఆమె మీద కోపం ఇంకా పెరిగింది. ఇదేం న్యాయమో. తప్పు చేసి ఉంటే ఎంత బాగుండేది.

ఫిబ్రవరి 12

దారి ఉంది, లేదని కాదు. కుల్చారం తీసేసి, జరిగింది జరిగినట్టు ఒక పేరా రాసి, రెండు పొలాలతో చిన్న జర్నల్‌కు పంపొచ్చు. స్వప్న పేరు మొదట పెట్టాలి అప్పుడు. మార్చి ఇంటర్వ్యూకు నా చేతిలో ఏమీ ఉండదు.

సారుకు ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు. "రైతులు వంద చెప్తరమ్మా. నువ్వు యినలే, నేను యినలే. పంపెయ్యి."

"తప్పు కదా సార్?"

"తప్పు నీకు ఇప్పుడు యాదికొచ్చిందా?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు చెవి వేడిగా ఉంది. ఈ మనిషిని ఇరవై ఏళ్లకు పైగా తిట్టుకుంటున్నాను. తిట్టుకుంటూనే ఆయన కుర్చీలో ఎక్కడ అరిగిందో అక్కడే కూర్చున్నాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. పొద్దుటి నుంచీ జాతర బస్సులు, డప్పులు. ఉపవాసం ఉన్నాను, దేవుడి దగ్గర మాత్రం కూర్చోలేదు. కంప్యూటర్ దగ్గర కూర్చున్నాను.

జర్నల్ ఫారం. పేపర్ ఎక్కించాను, గ్రాఫులు ఎక్కించాను, ఎడిటర్‌కు ఉత్తరం ఎక్కించాను. ఆ తర్వాత రెండు అడిగింది. ఒకటి — పొలంలో రాసుకున్న అసలు నోటుబుక్కుల స్కాన్. రెండోది ఒక చిన్న గడి: పని చేసిన వాళ్లందరి పేర్లూ ఉన్నాయని ధృవీకరిస్తున్నాను, టిక్ పెట్టండి.

నోటుబుక్కులు మూడూ నా బీరువాలోనే ఉన్నాయి. స్వప్న రాతలో, స్వప్న అంకెలతో.

ఫిబ్రవరి 18

స్వప్న వచ్చింది. మొహం పీక్కుపోయింది, చేతులు మాత్రం కట్టుకోలేదు ఈసారి.

"నా పుస్తకాలు నాకియ్యుండ్రి మేడం. ఇంకేం అడుగ."

"కాలేజీ పుస్తకాలవి."

"రాసింది నేను గదా."

ఫైలు తెరిచి చదువుతున్నట్టు నటించాను. అప్పుడు మెల్లగా అంది, "కిష్టయ్య మొన్న జాతరల కలిసిండు మేడం. అంత చెప్పిండు. మీకు గూడ చెప్పిన అన్నడు."

ఫైలులో పేజీ తిప్పాను.

"నేనెవ్వరికీ చెప్పలే మేడం. ఇగ మీకు తెలిసింది గదా... మీరే మంచిగ రాస్తరని."

వెటకారమేమో అని మొహం చూశాను. కాదు. నిజంగానే నమ్ముతోంది. అలాంటి మొహాన్ని చూస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. రెండూ చేయలేదు. సోమవారం కాలేజీకి రా అన్నాను.

ఫిబ్రవరి 20

పొడుగు నోటుబుక్కులు మూడు కొన్నాను. పచ్చ అట్టవి, ఆమెవాటిలాంటివే.

ఫిబ్రవరి 22, ఆదివారం

పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను. శివ్వంపేట పుస్తకం, కౌడిపల్లి పుస్తకం — ఉన్నది ఉన్నట్టు నా చేతిరాతలోకి దించాను. కొత్త పుస్తకంలా కనబడకూడదని పేజీల అంచులకు కొంచెం చాయ్ డికాషన్ అద్దాను. యాభై దాటినదాన్ని, ఎనిమిదో తరగతి పిల్లలా.

తర్వాత కుల్చారం. సెప్టెంబర్ 30 పేజీలో తంగేడు పువ్వు ఒకటి అతుక్కుని ఉంది, ఎండిపోయి. ఆ రోజు గట్టు మీద కోసుకుందేమో. మరి బతుకమ్మ ఇంకెక్కడ పేరుస్తుంది. గోటితో గీకాను. కాగితం మీద పసుపు మరక మిగిలింది. దాని కింద అంకెలు, అన్నీ ఒకే సైజులో, ఒకే వాలుతో. పండుగ పూట యాభై దుబ్బులూ లెక్కపెట్టింది, ఒక్కటి కూడా వదలలేదు.

అక్టోబర్ 7 పేజీ. ఆమె రాసింది రెండు. నేను ఆరు రాయాలి. చేయి రెండు రాసింది. కొట్టేశాను. కొట్టివేతలుంటే అనుమానిస్తారు, పేజీ చింపాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ రెండే రాసింది చేయి. మళ్లీ చింపాను. మూడోసారికి అలవాటైంది.

అంకెలన్నీ అయిపోయాయి. ఆ పేజీ కింద, గీతల బయట, స్వప్న తెలుగులో రాసుకున్నది ఒకటి మిగిలింది:

మందు వాసన ఉన్నది. మేడంకు చెప్పిన. అడగొద్దన్నరు.

వదిలేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. కానీ మిగతా పుస్తకాలు రెండూ అక్షరం పొల్లు పోకుండా దించుకొచ్చిన చేయి, అలవాటు కొద్దీ, దాన్నీ మొదలుపెట్టేసింది. మేడంకు చెప్పిన — అక్కడ ఆగాను. నా పుస్తకం, నా రాత, నేను లెక్కపెట్టిన మడి. మరి చెప్పింది ఎవరు. ఏ మేడంకు.

ఫిబ్రవరి 23, సోమవారం

ఇంకా కాలేజీకి బయల్దేరలేదు. బల్ల మీద ఆరు పుస్తకాలు — మూడు ఆమెవి, మూడు నావి. కంప్యూటర్‌లో ఫారం తెరిచే ఉంది, గడిలో టిక్ లేదు.

కిష్టయ్య ఫోన్ చేశాడు. గాలికి బోర్డు ఒరిగిందట, మళ్లీ నిలబెట్టాడట. యాసంగి వరినాటు కూడా అయిందట. "ఈసారి చిన్న మేడం పేరు గూడ రాపియ్యుండ్రి. ఎండల తిరిగింది గామెనే." చూద్దాం అన్నాను.

స్కూటీ చప్పుడు... గేటు దగ్గర ఆగింది. కాలేజీకి రమ్మంటే ఇంటికి వచ్చింది. బెల్లు కొట్టలేదు ఇంకా. అక్కడే నిలబడి చెప్పుల మట్టి దులుపుకుంటోంది.